గొంతు దాటని మాట

ఆ మధ్యాహ్నం రేగులపేట మున్సిపాలిటీ పదకొండో వార్డు సభలో ఆడవాళ్లెవరూ నోరు విప్పలేదు. అయినా వాళ్లు ఏమనుకుంటున్నారో వేదిక మీద ఉన్న తెరకు తెలిసిపోతూనే ఉంది.

ఫంక్షన్ హాలంతా ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీల్లో ఎక్కువమంది బీడీలు చుట్టే ఆడవాళ్లు. ప్రతి ఒక్కరి గొంతు గుంటలో పెసరగింజంత నల్లటి పూస, దాని మీద చిన్న ప్లాస్టరు ముక్క. కౌన్సిలర్ దేవిదాసు మైకు ముందు నిలబడి ప్రతిపాదన చదివాడు. ఊరి నడుమ ఉన్న కాన్పుల దవాఖాన పాతబడిపోయిందని, దాన్ని బైపాస్ రోడ్డు అవతలికి మార్చి, ఈ స్థలంలో షాపింగ్ కాంప్లెక్సు కడతామని దాని సారాంశం. చదవడం అయ్యాక కమిషనర్ వామన్‌రావు చిరునవ్వుతో అన్నాడు.

"మీరెవరూ లేచి మాట్లాడనక్కర్లేదు. సిగ్గుపడక్కర్లేదు. ఒక్క నిమిషం కళ్లు మూసుకుని మీ అభిప్రాయం మనసులో అనుకోండి, చాలు."

అందరూ కళ్లు మూసుకున్నారు. తెర మీద పచ్చ గీత పైకి లేవడం మొదలుపెట్టింది. గోడ పక్కన నిలబడి ఉన్న హైమవతి దాన్నే చూస్తోంది. ఆ పూసను తయారుచేసింది ఆమే. పుట్టిన ఊళ్లోనే దాన్ని మొదటిసారి వాడాలని పట్టుబట్టిందీ ఆమే. మూడో వరసలో కూర్చున్న అక్క భూలక్ష్మి గొంతు గుంటలో కూడా ఒక పూస ఉంది.

పచ్చ గీత నూటికి ఎనభై దాటి ఆగింది. అభ్యంతరం లేదన్నవాళ్ల లెక్క అది.

హైమవతికి కాస్త ఆశ్చర్యం వేసింది. కానీ చప్పట్లు మోగాయి, ఫొటోలు తీశారు, ఎవరో ఆమె చేతిలో పూలగుత్తి పెట్టారు. ఆశ్చర్యం ఆ సందట్లో కలిసిపోయింది.

*

మనిషి మనసులో ఒక మాట అనుకుంటే గొంతు కండరాలు వెంట్రుకవాసి కదులుతాయి. పెదవులకు తెలియదు, పక్కన కూర్చున్నవాళ్లకు తెలియదు. ఆ కదలికను పట్టుకుని మాటగా మార్చడానికి హైమవతి, ఆమె తోటి ఇంజనీరు ఫరీద్ పదేళ్లు హైదరాబాదులోని ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో తంటాలు పడ్డారు. పూస మొదటిసారి పనిచేసిన రోజు దాన్ని పెట్టుకుని కూర్చున్నది ఫరీదే. పెదవులు బిగించి, చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా బుద్ధిగా కూర్చున్నాడు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి: "ఈ చాయ్ ఎవరు పెట్టారో గానీ నీళ్లలా ఉంది."

చాయ్ పెట్టింది హైమవతి. ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. "మేడమ్, ఇది చాలా ప్రమాదకరమైన మిషన్" అన్నాడు ఫరీద్ నవ్వు ఆపుకుంటూ. అది పరాచికమే అనుకున్నారు ఇద్దరూ.

హైమవతికి ఈ పని మీద అంత పట్టుదల ఎందుకంటే, ఆమె చూసిన సభలన్నీ ఒకేలా ఉండేవి. నలుగురైదుగురు మగవాళ్లు మాట్లాడతారు. వెనక వరసల్లో ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుని వింటారు. చివరికి మినిట్స్ పుస్తకంలో 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని రాస్తారు. మాట్లాడనివాళ్లను కూడా లెక్కలోకి తీసుకునే రోజు రావాలని ఆమె కోరిక. ప్రభుత్వ శాఖ ఆ కోరికను రెండు చేతులా అందుకుంది. పాలనలో జనం ఎంతమేరకు పాలు పంచుకుంటున్నారో కొలిచి, ప్రతి ఊరికీ మార్కులు వేస్తారట. దాని పేరు భాగస్వామ్య సూచిక. కొలిచే సాధనం పూస. రేగులపేటకు మొదటి ర్యాంకు ఖాయమని, మరుసటి వారం జరిగే సభలో హైమవతి వేదిక మీద ధ్రువపత్రం మీద సంతకం పెడితే రాష్ట్రమంతా ఇదే పద్ధతి అమలవుతుందని వామన్‌రావు చెప్పాడు.

"ఇంతకుముందు ఒక సభ జరిపించాలంటే తల ప్రాణం తోకకొచ్చేది మేడమ్. అరుపులు, కేకలు, మైకు లాక్కోవడాలు. ఇప్పుడు చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో! ఒక్క నిమిషంలో మూడువందల మంది పాల్గొన్నారు" అన్నాడు.

ఆ ప్రశాంతం అన్న మాట హైమవతికి ఎక్కడో గుచ్చుకుంది.

*

రెండు రోజుల తర్వాత పొద్దున ఆమె అక్క ఇంటికి వెళ్లింది. భూలక్ష్మి అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో చాట ఉంది గానీ చాటలో తునికాకు లేదు, తంబాకు లేదు. ఉత్త చాటను పట్టుకుని అక్క అలా కూర్చోవడం హైమవతి ఏనాడూ చూడలేదు. లోపల కోడలు మమత, నెలలు నిండిన మనిషి, గోడకానుకుని ఆయాసపడుతోంది.

"ఏందక్కా, పనికి కూసోలేదా?"

"ఆకియ్యలే" అంది భూలక్ష్మి.

"కార్ఖానా బందా?"

"బంద్ గాదు. నాకియ్యలే. కాంతమ్మకియ్యలే. ఇంకొందరికియ్యలే. మిగిలినోళ్లకు మంచిగనే ఇచ్చిండ్రు."

కార్ఖానా దేవిదాసు బావమరిదిది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. హైమవతి మెల్లగా అక్క పక్కన కూర్చుంది. భూలక్ష్మి ఆమె వైపు తిరగలేదు.

"ఎందుకియ్యవని అడిగిన. సేటు మనిషి ఏమన్నడో తెల్సా? 'కాన్పుల దవాఖాన తీస్తె నీకెందుకే అంత మంట? ఇది వీళ్ల అయ్య జాగీరా అని తిట్టుకున్నవట గద' అన్నడు. హైమా, ఆ మాట నేను నోట్లకెల్లి అనలే. పెదవి గూడ కదపలే. కండ్లు మూసుకుని నా కడుపుల అనుకున్న. అదే మాట, ఉన్నదున్నట్టు, వాని నోట్లకెల్లి ఊడిపడ్డది. నా ఒళ్లంత చల్లబడ్డది. బట్టలిప్పి బజార్ల నిలబెట్టినట్టయింది."

"పేర్లు ఉండవక్కా. ఎవరేమనుకున్నరో ఎవరికీ తెల్వదు. మొత్తం లెక్క మాత్రమే బయటికి వస్తది. నేనే..."

"పూస ఇచ్చేటప్పుడు దాని నంబరు, ఇంటి నంబరు ఒక్క కాడ రాసుకున్నరు. మళ్ల వాపసు తీసుకోవాలె గద అన్నరు. మేం గూడ నిజమే అనుకున్నం."

మున్సిపాలిటీ కంప్యూటరులో పూస నంబరు కింద ప్రతి మాటా ఉంటుంది. ఇంటి నంబరు పక్కన పెట్టుకుంటే ఇక కావలసిందేముంది? అది ఆమెకు తట్టనే లేదు. ఆమెకు తట్టనిది దేవిదాసు మనుషులకు ఒక్క పూటలో తట్టింది.

"నువ్వు మంచికే చేసినవ్. నాకు ఎరుకే" అంది భూలక్ష్మి. ఈసారి చెల్లెలి ముఖంలోకి చూస్తూ అంది. "కాని నీకొకటి చెప్పాలె. మేం సభల మాట్లాడకపోవుడు చాతగాక గాదు. ఎక్కడ మాట్లాడాలె, ఎక్కడ ఊకోవాలె, మాకు తెల్సు. నోరు మూసుకుంటెనే ఇల్లు గడుస్తదనుకున్న కాడ మూసుకున్నం. ఆ మూసుకునుడు మాది. మా ఇంటి తలుపు లెక్క. దాన్ని నువ్వు బయటికెల్లి తెరిచినవ్."

ఆ తర్వాత లేచి లోపలికి వెళ్లి, జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి ముందు పెట్టింది. "తిను. పస్తు పోకు" అంది. హైమవతి తల వంచుకుని తింది.

*

హైదరాబాదు చేరేసరికి ఫరీద్ ప్రయోగశాలలో ఒంటరిగా ఉన్నాడు. హైమవతి కూర్చోకుండానే జరిగింది చెప్పింది. ఫరీద్ కంప్యూటరు తెరిచి, రేగులపేట సభలో పూసలు పట్టుకున్న మాటలన్నీ బయటికి తీశాడు. శాఖ తెర మీద వాళ్లిద్దరికీ కూడా గీతలే తప్ప మాటలు కనబడవు. హైమవతి ధ్రువపత్రం మీద సంతకం పెట్టేదాకా మాత్రం లోపలి తలుపులన్నిటికీ తాళం ఈ ఇద్దరి దగ్గరే ఉంటుంది.

"అభ్యంతరం లేదు అన్న గంపలో ఏముందో చూడు" అంది హైమవతి. "మా అక్క పక్కన కూర్చున్నవాళ్లంతా దవాఖాన పోతుందని ఏడుస్తున్నారు. మరి నూటికి ఎనభై మంది ఎట్లా ఒప్పుకున్నారు?"

ఫరీద్ ఆ గంప తెరిచాడు. మాటలు వరసగా దొర్లాయి.

మనం చెప్తే ఇంటరా.

ఎప్పుడో ఖాయం చేసుకుని వచ్చిండ్రు.

మాకెందుకొచ్చిన గొడవ.

పిల్ల బడికెల్లి వచ్చే టైమైంది, జల్ది ఇడిస్తె బాగుండు.

మనం చెప్తే ఇంటరా. మనం చెప్తే ఇంటరా. మనం చెప్తే ఇంటరా.

ఒకే మాట. వేరు వేరు గొంతుల్లో, వేరు వేరు మనుషుల్లో, తెర నిండా అదే మాట. ఎవరో చెప్పించినట్టు, ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నట్టు.

"శాఖవాళ్లు పంపిన నియమాల్లో ఉంది మేడమ్" అన్నాడు ఫరీద్. "కారణం చెప్పని దాన్ని అభ్యంతరం కింద లెక్కించకూడదు అని. దవాఖాన పేరెత్తి, ఎందుకు వద్దో చెబితేనే ఎర్ర గీత. మిగిలినవన్నీ పచ్చ గీతలోకి పోతాయి."

"వినరులే అనుకుంటే ఒప్పుకున్నట్టా?"

ఫరీద్ ఆ గంప మూసేశాడు.

హైమవతి కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేసింది. సభలో ఈ మాటలన్నీ చదివి వినిపిస్తానని, పేర్లు చెప్పకుండా జనం అసలు ఏమనుకున్నారో అందరి ముందూ బయటపెడతానని ఆవేశంగా చెప్పింది.

"వద్దు" అంది భూలక్ష్మి.

"ఎందుకక్కా? మీకోసమే గద!"

"వాళ్లు మా గొంతులకెల్లి మాట గుంజి చదువుకున్నరు. నువ్వు గూడ అదే పని జేస్తనంటవ్. వాళ్లకు నీకు ఫరకేముంది?"

"మరి నన్నేం జెయ్యమంటవ్?"

"నువ్వు నీ మాట చెప్పు. మా మాట సంగతి మేం జూసుకుంటం."

ఫోన్ పెట్టేశాక హైమవతి ఫరీద్ వైపు తిరిగింది. "మొత్తం చెరిపేద్దాం" అంది. "ఈ మాటలు మాత్రమే కాదు. కదలికను మాటగా మార్చే లెక్కలు కూడా. అంతా. మున్సిపాలిటీలో ఉన్న నకళ్లు కూడా. ఇది ఉన్నంతకాలం ఎవరో ఒకరు ఏదో ఒక ఊళ్లో దీన్ని మనుషుల మెడకు అంటిస్తూనే ఉంటారు. నువ్వు బయటికి వెళ్లు ఫరీద్. నీకు తెలియదని చెప్తాను."

ఫరీద్ కదలలేదు. బల్ల మీద ఉన్న పూసను వేళ్ల మధ్య అటూ ఇటూ దొర్లించాడు. ఆ పూస కోసం అతను తన కూతురి మొదటి పుట్టినరోజుకు ఇంటికి వెళ్లలేదు. తండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా వరండాలో కూర్చుని దీని లెక్కలే రాసుకున్నాడు.

"మా అమ్మీ ఏ విషయం మీదా గొంతెత్తేది కాదు" అన్నాడు చివరికి. "ఏమనుకుంటుందో మాకెవరికీ తెలిసేది కాదు. తెలిస్తే బాగుండునని నేను దీనికోసం ఇంత చేశాను. అమ్మీ ఎందుకు చెప్పడం లేదో ఒక్కసారి కూడా అడగలేదు మేడమ్."

అతను కీబోర్డును తన ముందుకు లాక్కున్నాడు. హైమవతి అడ్డుకోబోయింది. "ఇద్దరం కలిసి చేసిన పని. ఒక్కరే చెరిపితే బాగుండదు" అన్నాడు. రెండు తాళాలూ కలిపితేనే ఆ తలుపు మూసుకుంటుంది. ఆమె తన సంకేతపదం కొట్టింది, అతను తనది కొట్టాడు. పదేళ్ల పని సాయంత్రపు నమాజుకు పిలుపు వినబడేలోపు పోయింది. ఫరీద్ చాయ్ పెట్టాడు. అది కూడా నీళ్లలాగే ఉంది. ఎవరూ నవ్వలేదు.

*

సభ రోజు ఫంక్షన్ హాలుకు పూలదండలు కట్టారు. రాజధాని నుంచి అధికారులు వచ్చారు. వేదిక మీద పెద్ద బ్యానరు: 'ప్రజలే పాలకులు'. వామన్‌రావు లేచి ఫలితాలు ప్రకటించాడు. పేపరు మీద అచ్చువేసిన పచ్చ గీతను పైకెత్తి చూపించాడు. పూసలు మొరాయిస్తున్నాయని పొద్దున ఎవరో చెప్పారు గానీ, అచ్చయిన కాగితం చేతిలో ఉండగా అతనికి వాటితో పని లేదు. "ఇప్పుడు ఈ అద్భుతాన్ని సృష్టించిన మన ఊరి ఆడపడుచు ధ్రువపత్రం మీద సంతకం చేస్తారు" అన్నాడు.

హైమవతి మైకు దగ్గరికి వెళ్లింది.

"నేను సంతకం చెయ్యను" అంది.

ధ్రువపత్రాన్ని పక్కకు జరిపింది.

"ఈ యంత్రం మీ ఒప్పుకోలును కొలవలేదు. మీ భయాన్ని కొలిచింది. దానికి ఒప్పుకోలు అని పేరు పెట్టాం. మీ మాటలు మీ ఇష్టం లేకుండా పరాయివాళ్ల చెవిన పడ్డాయి. అందుకు కారణం నేను తయారుచేసిన పూస. అది ఇక లేదు, నేనూ ఫరీదూ చెరిపేశాం. ఈ ఊళ్లో జనం పాలనలో ఎంత పాలుపంచుకుంటున్నారని నన్నడిగితే, ఆ పక్కన సున్నా వేస్తాను. మాట్లాడితే కూలి పోయే చోట భాగస్వామ్యం ఏముంటుంది?"

"మేడమ్, ఇవి సాంకేతిక విషయాలు. లోపల మాట్లాడుకుందాం" అంటూ వామన్‌రావు మైకు అందుకోబోయాడు. దేవిదాసు అంతకంటే ముందే లేచాడు.

"ఆడోళ్లంత ఒప్పుకున్నరు. మిషనే చెప్పింది. ఇగ పంచాది ఎందుకు? తీర్మానం పాసైనట్టే!"

మూడో వరసలో భూలక్ష్మి లేచి నిలబడింది. కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. ఎవరో మైకు తీగ పీకేశారు. ఆమె దాని వంక చూడనైనా చూడలేదు.

"దేవిదాసూ! నేను కడుపుల తిట్టుకున్న మాట నీకు ముందే అందింది గద. ఇయ్యాల అందరి ముందల నోట్లకెల్లి అంటున్న, మంచిగ ఇను. ఈ కాన్పుల దవాఖాన మీ అయ్య జాగీరా?"

ఎక్కడో ఒక మూల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో హాలులో బిగుసుకుపోయి ఉన్నదేదో తెగిపోయింది. కాంతమ్మ లేచింది. ఆమె వెనక మరొకామె. కుర్చీలు జరిగిన చప్పుడు గోడ నుంచి గోడ దాకా పాకింది. నిండు కడుపుతో ఉన్న మమత అత్త భుజం పట్టుకుని లేచి నిలబడింది. కూర్చోమని భూలక్ష్మి కసిరినా వినలేదు.

"వద్దంటున్నం, రాసుకో" అంది కాంతమ్మ వేదిక పక్కన మినిట్స్ రాస్తున్న గుమాస్తాతో.

గుమాస్తా కమిషనర్ వంక చూసి, నీళ్లు నమిలి, "అభ్యంతరానికి కారణం చెప్పాలమ్మా" అన్నాడు.

"కారణం గావాల్నా? మా చెల్లె కాన్పు నొప్పులతోటి బైపాస్ దాటి పెద్ద దవాఖానకు పోంగ ఆటోల పాణం ఇడిసింది. అప్పుడు గీ దవాఖానల డాక్టరు లేదు. డాక్టరు గావాలని మొక్కి మొక్కి తెచ్చుకున్నం. ఇప్పుడు దవాఖాననే లేకుంట జేస్తమంటరా? సాల్తదా కారణం? సాలకుంటె ఇంకోళ్లు చెప్తరు."

ఇంకోళ్లు చెప్పారు. ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. కొందరికి మాట తడబడింది, కొందరికి ఏడుపొచ్చింది, కొందరు విషయం వదిలేసి మురికికాలువ సంగతి, నల్లా సంగతి కూడా ఎత్తుకున్నారు. సభ ముగిసిందని వామన్‌రావు ప్రకటించినా ఎవరూ కదలలేదు. రాజధాని నుంచి వచ్చిన అధికారులు గడియారాలు చూసుకుని వెళ్లిపోయారు. ఫ్యాన్లు ఆపేశారు. ఆడవాళ్లు కొంగులతో విసురుకుంటూ మాట్లాడారు. గుమాస్తా చొక్కా చెమటతో తడిసిపోయింది గానీ రాయడం మాత్రం ఆపలేదు, ఆపితే ఊరుకునేవాళ్లు ఎవరూ కనబడలేదు.

హైమవతి వేదిక దిగి వెళ్లి మూడో వరసలో ఒక ఖాళీ కుర్చీలో కూర్చుంది. భూలక్ష్మి ఆమె చేయి తన చేతిలోకి తీసుకుని గట్టిగా నొక్కింది.

*

తీర్మానం 'తాత్కాలికంగా వాయిదా' పడింది. ఆ తాత్కాలికం అన్న మాటకు అర్థం పదకొండో వార్డు ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరు పిలిచినా పిలవకపోయినా నెలనెలా వాళ్లే సభ పెట్టుకోవడం మొదలుపెట్టారు. కార్ఖానాలో అందరికీ ఆకు ఇస్తేనే ఎవరమైనా తీసుకుంటామని కూర్చున్నారు. ఎండిన ఆకు గోదాములో పొడి అవుతుంటే సేటు దిగివచ్చాడు. మమత ఆ దవాఖానలోనే ఆడపిల్లను కన్నది. కరెంటు పోయిన గదిలో, సెల్‌ఫోను వెలుతురులో. కొత్త సభలో మొదట లేవనెత్తిన విషయం ఆ కరెంటు సంగతే.

హైమవతిని, ఫరీద్‌ను సస్పెండ్ చేశారు. ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేశారని విచారణ వేశారు. ఫరీద్ ఒక రేడియో రిపేరు దుకాణంలో కూర్చుంటున్నాడు. విచారణ గదిలో పొడుగాటి బల్ల, అవతల ముగ్గురు అధికారులు. మధ్యలో కూర్చున్నాయన ఓపికగా మాట్లాడాడు. పూస లెక్కలు ఆమె తలలో ఇంకా ఉన్నాయని తమకు తెలుసన్నాడు. మళ్లీ తయారుచేస్తే కేసు ఎత్తేస్తామని, ప్రయోగశాల తిరిగి ఇస్తామని, ఈసారి పేర్లు బయటికి పోకుండా కట్టుదిట్టం చేస్తామని అన్నాడు. హైమవతి వింటూ కూర్చుంది. ఆమె ముందు ఒక ఒప్పందపత్రం జరిపారు. గది నిశ్శబ్దమైపోయింది.

"మీరేమీ అనడం లేదు కాబట్టి మీకు అభ్యంతరం లేదని నమోదు చేసుకుంటాం" అన్నాడు అధికారి.

హైమవతి కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"నాకు అభ్యంతరం ఉంది" అంది. "కారణం కూడా ఉంది. రాసుకోండి, నెమ్మదిగా చెప్తాను."